శనివారం ధ్యానం, ఆయన పేరు

మా ఊరికి చేపలు తెచ్చే అక్క ఈ కబురు మొదట నా చెవిన వేసింది. ఆమె నాకంటే చిన్నదే. ఊరంతా అక్కా అని పిలుస్తుంది కాబట్టి నేనూ అక్కా అనే అంటాను, ఆమె నన్ను వదినా అంటుంది. బోగోలుకు తూర్పున, సముద్రపు గాలి తగిలే దూరంలో ఉన్న పల్లె మాది. తెల్లవారి రేవు దగ్గర సరుకు దించుకుని, ఊరూరా అమ్ముకుంటూ మా వీధికి వచ్చేసరికి ఎండెక్కుతుంది. మా అరుగు మీద గంప దించి, నీళ్ళు తాగి, నాలుగు మాటలు చెప్పి పోవడం ఆమె అలవాటు. ఆ రోజుల్లో మా గడప దగ్గర ఆగి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

"సర్వి తోపు అవతల బుద్ధుడి గుడి గట్టినారు వదినా. గుడంటే గుడీ గాదు. గంట ఉండాది, పూజారి లేడు. జనం వస్తారు, కళ్ళు మూసుకోని కూచుంటారు. గంప దించి నేనెంత అరిచినా ఒక్కరు కన్ను తెరవలా. చేపల వాసనకి గూడా లేవని మనుషుల్ని నేనాడే చూసినా," అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఆమె మాత్రం లోపలి గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, నువ్వు కూడా పోయి కూర్చో వదినా, మాట్లాడీ మాట్లాడీ నీ గొంతు ఎండిపోతూ ఉంది అన్నది. అక్కడ నేర్పేది శనివారాలట. శనివారం మా వైపు సగం ఇళ్ళలో నీచు ముట్టరు. బేరాలుండవు గనక ఆ పూట తానొచ్చి మా ఇంటాయన దగ్గర కూర్చుంటానన్నది. అడగకుండానే అన్నది. ఆ మాటకు నేను ఆమెకు ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

లోపలి గదిలో కిటికీ పక్కన మంచం మీద మా ఇంటాయన ఉన్నారు. వరి కోతలప్పుడు పొలం గట్టు మీద పడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, వాటితోపాటు మాట కూడా. కాలు కొంత తిరిగొచ్చింది. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు. మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, బదులు చెప్పబోతే నోట్లోంచి ఊపిరే వస్తుంది.

నెల్లూరు ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మాయి ఒకతి ఉండేది. మా కూతురి ఈడుది. ఇంటికి పంపే రోజున నా చెయ్యి పట్టుకుని, "ఎంత మాట వినిపిస్తే అంత మంచిదమ్మా. ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూసి, పేరు పెట్టి పిలవండి. మాట పోయినా మనిషికి తన పేరు గుర్తుంటుంది. దానికి పలకాలని చూస్తారు," అన్నది.

అలాగే అని తల ఊపాను. పేరు పెట్టి పిలవడం నా వల్ల కాదని ఆ పిల్లకు చెప్పలేదు.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు భర్త పేరు పలకరు. ఇప్పటి పిల్లలకు ఇది నవ్వుగా ఉంటుంది. మా అమ్మాయి కాపురం మద్రాసు దారిలో ఉన్న తడలో. మొగుడూ పెళ్ళామూ అక్కడి కంపెనీలోనే పనిచేస్తారు. అది మా అల్లుణ్ణి నా ఎదురుగానే పేరు పెట్టి కేకేస్తుంది, అతను 'వచ్చినా మేడం' అంటాడు. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాయనమ్మ చేటలో బియ్యం పరిచి, వేలు పట్టి అక్షరాలు దిద్దించింది. ఆ చేటలోనే ఈ మాట కూడా నేర్పింది: మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుంది. అక్షరాలు నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకున్నాను. గుళ్ళో అర్చనకు గోత్రం మాత్రమే చెప్పి ఊరుకునేదాన్ని, పూజారిగారే ఆయన పేరు కలుపుకునేవారు. బాగా తిరిగే మనిషిగా ఉన్నప్పుడే పలకని పేరు, మంచాన పడ్డాక ఎలా పలుకుతాను?

అందుకని తక్కినదంతా మాట్లాడాను. పొద్దున లేచింది మొదలు రొయ్యల ధర, వాన కబురు, ఎదురింటి వాళ్ళ తగాదా, ఏ కూర వండుతున్నానో, ఎందుకు వండుతున్నానో. మధ్యలో ఏమండీ, వింటున్నారా అని అడగడం. ఆయన ముందునుంచీ మాట తక్కువ మనిషి. మొదట్లో నావైపు చూసేవారు. తర్వాత కళ్ళు మూసుకునేవారు. కొన్నాళ్ళకు గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. అన్నం వేళకు తప్ప ఇటు తిరగరు. ఇంట్లో ఇద్దరం ఉన్నాం. నేను మాట్లాడుతున్నది ఆయన వీపుతో. ఈ మనిషి ఇక నా మొహం చూడకుండానే వెళ్ళిపోతారేమో అన్న భయం పట్టుకుంది నాకు. ఎవరితోనూ చెప్పలేదు. చేపల అక్క కనిపెట్టినట్టుంది.

మొదటి శనివారం పొద్దున్నే పిండిదీపం పెట్టి, వెంకన్నకు చెప్పుకుని బయలుదేరాను. ఇంకో దేవుడి దగ్గరికి పోతున్నానని కాదు స్వామీ, కాసేపు కూర్చోవడానికి పోతున్నాను అని విన్నవించుకున్నాను. సముద్రం వైపు పోయే ఆటో తోపు మొదట్లో దింపింది. పొడవాటి రేకుల షెడ్డు, ఒక చివర తెల్లటి బుద్ధుడు, నేల మీద చాపలు. నేర్పే ఆవిడ కాలేజీలో పాఠాలు చెప్పి మానుకున్నావిడ, తెల్ల నూలు చీర, మెత్తటి గొంతు. అందరూ మేడం అనేవారు. కాలు మడవలేకపోతే కుర్చీ వేసుకోమన్నది. నాకు ఆ మర్యాద నచ్చింది.

శ్వాస వస్తుంది, పోతుంది, మీరేమీ చెయ్యొద్దు, చూస్తూ ఉండండి చాలు అన్నది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. ఒక ఊపిరి చూశానో లేదో, పొయ్యి ఆపానా అని. ఇంకో ఊపిరి, అక్క ఆయనకు మజ్జిగలో ఉప్పు వేసిందా అని. మోకాళ్ళు సలిపాయి. సర్వి చెట్ల హోరు, దాని వెనక సముద్రం హోరు, రెండూ కలిసి ఎవరో దూరంగా నన్ను పిలుస్తున్నట్టే ఉండింది. ఆవిడ కంచు గిన్నె మీద కర్రతో తట్టగానే హారతి అనుకుని రెండు చేతులూ చాచి కళ్ళకద్దుకున్నాను. కళ్ళు తెరిస్తే హారతీ లేదు, ఏమీ లేదు.

అయిపోయాక అందరూ లేచి, మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. గేటు దాటేదాకా మౌనం అక్కడి నియమం. నేను మనుషుల కోసం పోయాను. ఏ ఊరమ్మా, ఇంట్లో ఎవరెవరున్నారు అని ఒక్కరైనా అడుగుతారని. అంతమంది మధ్య కూర్చుని వచ్చానన్న మాటేగానీ, ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడినప్పుడు, ఇంట్లో ఉన్నప్పటికంటే ఎక్కువ ఒంటరిగా అనిపించింది. ఇంకోసారి రాకూడదనుకున్నాను. తీరా శనివారం వచ్చేసరికి చేపల అక్క పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె మొహం చూసి వెళ్ళాను.

కొన్ని వారాలు పోయాక మేడం మైత్రి భావన నేర్పింది. కూర్చోవడం ముగిసేముందు చేసేది. మొదట నేను సుఖంగా ఉండాలి అని తనకు తాను కోరుకోవాలి. తర్వాత తనకు ఇష్టమైన మనిషిని కళ్ళముందు తెచ్చుకుని, మనసులో పేరు పెట్టి పిలిచి, సుఖంగా ఉండు అనాలి. ఆ తర్వాత పరిచయం లేనివాళ్ళకు, చివరికి మనకు గిట్టనివాళ్ళకు కూడా.

నాకు మొదటి మెట్టు దగ్గరే కాలు జారింది. నేను సుఖంగా ఉండాలని ఏనాడూ ఏ దేవుణ్ణీ అడగలేదు. అడిగే పద్ధతి కూడా తెలియదు. తెలిసిన పద్ధతి ఒక్కటే. మనసులో అనుకుంటున్నాననే భ్రమలో, పైకే మొదలుపెట్టాను. గోత్రం చెప్పుకున్నాను, సకుటుంబానాం అన్నాను, క్షేమ స్థైర్య ధైర్య అంటూ గుళ్ళో పూజారిగారి సంకల్పం ఉన్నదున్నట్టు, ఆయన పేరు వచ్చే చోట మాత్రం కాస్త ఆగి, మిగతాది వల్లించాను. పక్క చాప మీద ఎవరో ముక్కులోంచి నవ్వు ఆపుకోవడం వినపడింది. చూస్తే కావలి నుంచి వచ్చే ముస్లిం ఆమె. బట్టలు కుడుతుంది. బీపీకి మంచిదని డాక్టరు చెబితే వచ్చి చేరింది. బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుని, ఒక కన్ను తెరిచి నావైపు చూస్తూ ఉంది.

అందరూ వెళ్ళాక మేడం నన్ను ఉండమన్నది. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ తప్పేమీ లేదమ్మా అని, మధ్యలో ఒకచోట ఆగారు, ఎందుకు అని మాత్రం అడిగింది. అక్కడ ఆయన పేరొస్తుందని, అది పూజారిగారు కలుపుకుంటారని చెప్పాను. ఆవిడ బుద్ధుడి వైపు చూసి అన్నది:

"ఇక్కడ కలుపుకునేవాళ్ళెవరూ లేరమ్మా. మీరే అనుకోవాలి."

ఆ మాట నన్ను ఆటోలో వెంటాడింది, ఇంటికొచ్చాక కూడా వెంటాడింది. ఎవరూ లేరు అన్న మాట. మా ఇంట్లోనూ అంతేగదా అనిపించింది. ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. మా అత్తగారు పోయింది. కాలవ అవతలి నుంచి ఇవతలికి వినపడేట్టు పేరు పెట్టి కేకేసే మా బావగారు పోయారు. పొలం తోడు మనుషులు మొదట్లో చూడవచ్చి, మాట్లాడని మనిషి ముందు ఎంతసేపు కూర్చోవాలో తెలియక రావడం మానుకున్నారు. కూతురు ఫోనులో నాయనా అంటుంది. నేను ఏమండీ అంటాను. ఆ పేరు లోకంలో ఎవరి నోటా లేదు. దానికి పలకాలని చూస్తారని ఆ ఆసుపత్రి పిల్ల చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

అయినా పలకలేదు. నాకు చేతనైన పని ఒకటే అప్పటికి, నోరు మూసుకుని కూర్చోవడం. దాన్నే ఇంట్లో చేసి చూశాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక మంచం పక్కన చాప వేసుకుని, కబుర్లు చెప్పకుండా కూర్చున్నాను. నా ఊపిరి చూద్దామంటే ఆయన ఊపిరే వినపడేది. కుడివైపు కొంచెం బరువుగా, చివర చిన్న ఈలలాగా. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలియదని తెలిసింది. అలా కొన్ని మధ్యాహ్నాలు గడిచాయి. ఒకరోజు మంచం కిర్రుమన్నది. కళ్ళు తెరిస్తే ఆయన గోడవైపు నుంచి ఇటు తిరిగి, నన్ను చూస్తున్నారు. ఏమైంది దీనికి, మాట్లాడటంలేదేమిటి అన్నట్టుంది ఆ చూపు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. నా మొహం చూశారు కదా, చాలు స్వామీ, నీ దయ అనుకున్నాను.

ఆ తర్వాత రోజూ ఇటే తిరిగి పడుకునేవారు. కానీ ఆ చూపులో ఏదో ఎదురుచూపు ఉండేది. నీళ్ళు కావాలా అంటే కాదు. కిటికీ వెయ్యాలా అంటే కాదు. ఏమిటో నాకు లోపల తెలుసు. తెలిసీ భయం.

ఆ వారం ఆటోలో కావలి ఆమే, నేనూ పక్కపక్కన కూర్చున్నాం. గేటు దాటాం గనక మాట్లాడొచ్చు. ఆమే మొదలుపెట్టింది.

"ఆ పొద్దు నువ్వు పక్కన మంత్రాలు చదవతా ఉంటే నాకు నవ్వాగలేదక్కా. బీపీ తగ్గిచ్చుకుందామని వస్తే నీవల్ల ఇంకా పెరిగింది."

నాకూ నవ్వొచ్చింది. అలా నవ్వుతూ నవ్వుతూనే సంగతంతా చెప్పేశాను. మంచం సంగతి, పేరు సంగతి, ఆయుష్షు భయం. కొత్త మనిషికి అన్ని మాటలు చెప్పడం నాకు అలవాటు లేదు. ఇన్నాళ్ళు మౌనంగా పక్కపక్కన కూర్చున్నందువల్ల కాబోలు, కొత్తగా అనిపించలేదు. ఆమె ముసుగు సర్దుకుని, మాలో మాత్రం పిలుస్తారనుకున్నావా అన్నది. వాళ్ళ అత్త ముందు తన మొగుడి పేరెత్తితే ఆ పూట అన్నం లేనట్టేనట. ఆటో మలుపు తిరిగింది. ఆమె రోడ్డువైపు చూస్తూ అన్నది.

"ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి గూడా పిలవలా. పొయినాక పిలుస్తుండా. మిషను తొక్కతా తొక్కతా పిలుస్తా ఉంటా. పలికేదెవురక్కా?"

మా ఊరి దగ్గర దిగేటప్పుడు ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేశాను.

ఆ రోజే పిలవలేదు. ధైర్యం చాలలేదు. తర్వాత రెండు మూడు రోజులకు, మధ్యాహ్నం, దేవుడి గదిలోకి పోయి దీపం వెలిగించాను. వేళగాని వేళ దీపం ఎందుకని స్వామి అడిగితే చెప్పడానికి మాట సిద్ధం చేసుకున్నాను. ఆయుష్షు తరిగేదేమైనా ఉంటే నా దాంట్లోంచి తీసుకో తండ్రీ, ఆయన జోలికి పోవద్దు అని దణ్ణం పెట్టుకున్నాను. వచ్చి చాప మీద కూర్చున్నాను. ఆయన మేలుకునే ఉన్నారు. ఊపిరి చూశాను. వచ్చింది, పోయింది. మళ్ళీ వచ్చినప్పుడు దానితోపాటే ఆయన పేరు పలికాను.

గొంతు నాది కాదన్నట్టు వచ్చింది. ఆయన చప్పున గుమ్మంవైపు చూశారు. ఎవరో వచ్చారనుకున్నారు. మా బావగారే వచ్చి పిలిచారనుకున్నారో ఏమో, తల కొంచెం పైకెత్తి గుమ్మంలోకి వెతికారు. అక్కడెవరూ లేరు. ఇంకోసారి పలికాను. అప్పుడు ఆ చూపు గుమ్మంనుంచి మెల్లగా తిరిగి నా మీద ఆగింది. చాలాసేపు అలాగే చూశారు. నేను తల దించుకున్నాను, పెళ్ళిపీటల మీద దించుకున్నట్టు. తల ఎత్తేసరికి ఆయన నవ్వుతున్నారు. మొహంలో ఎడమ సగమే నవ్వుతుంది, కుడి సగం అలాగే ఉంటుంది. పెదవులు కదిలాయి. ఏదో శబ్దం వచ్చింది, మాట కాదు. ఊఁ అన్నారో, ఊపిరే గట్టిగా వచ్చిందో చెప్పలేను. పలికారనే నేను అనుకున్నాను.

ఆ సాయంత్రమంతా నేను మంచం వదల్లేదు. పేరు పలికాను గదా, ఏమవుతుందోనని. ధ్యానంలో నేర్చుకున్నదంతా ఆ పూట పనికొచ్చింది. ఆయన ఊపిరి వచ్చేది చూశాను, పోయేది చూశాను. వచ్చిన ప్రతి ఊపిరికీ దణ్ణం పెట్టుకున్నాను. ఆయన సుఖంగా నిద్రపోయారు. నేనే భయంతో కూర్చున్నాను.

ఆ తర్వాతి శనివారం మైత్రి భావన దగ్గర ఆగకుండా ఆయన పేరు మనసులో అనుకుని, సుఖంగా ఉండండి అన్నాను. నా సంగతి మాత్రం ఇప్పటికీ సరిగా రాదు. నేను సుఖంగా ఉండాలి అనబోయేసరికి మనసు పక్కకు తప్పుకుంటుంది. మేడం నవ్వి, అదీ వస్తుందిలెండి అంటుంది.

అద్భుతం జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. మాట తిరిగి రాలేదు. నెల్లూరు తీసుకుపోతే ఇక పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారు. నేను రోజుకొకసారి, మధ్యాహ్నం పూట పిలుస్తాను. ఎక్కువసార్లు పిలవాలంటే ఇంకా భయమే. ఒక్కోరోజు అదే సగం నవ్వు. ఒక్కోరోజు ఏమీ ఉండదు, చూసి కళ్ళు మూసుకుంటారు. అప్పుడు ఇల్లు ఎంత పెద్దదిగా అనిపిస్తుందో చెప్పలేను. సందేళ కిటికీలోంచి సముద్రపు గాలి వస్తుంది, వీధిలో ఎవరో ఎవరినో పిలుచుకుంటూ పోతారు, మేమిద్దరం వింటూ కూర్చుంటాం. నాతో మాట్లాడే మనిషి లేరు, నిజమే. నావైపు తిరిగిన మనిషి ఉన్నారు. దానికే స్వామికీ, ఆ రేకుల షెడ్డు కింద నాకు చాప చూపించిన అందరికీ రుణపడి ఉన్నాను.

ఇది చదివినవాళ్ళను ఒక్కటి అడుగుతున్నాను. మా ఇంటాయన పేరు ఇక్కడ రాయలేదు. వెనకటి భయంతో కాదు. కాగితం మీద పెట్టనా అని ఆయన్నే అడిగాను. కళ్ళు మూసుకున్నారు. వద్దన్నట్టే అనుకున్నాను. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. మీరు దేవుడి ముందు నిలబడినప్పుడో, ఊరికే కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడో, బోగోలు దగ్గర ఒక పల్లెలో కిటికీ పక్కన మంచం మీద ఒక రైతు ఉన్నారని, ఎవరైనా పిలిస్తే ఆయనకు వినపడుతుందని తలుచుకోండి. ఆయన సుఖంగా ఉండాలని ఒక్కసారి అనుకోండి.